డి.వి.డి. తయారీలో పోగు ఎక్కడ తెగినది?



నూలు ధరలు, రంగుల పాళ్లు, సంఘపు లెక్కలు వ్రాయుట నాకు అలవాటు. ఈసారి వేరొక సంగతి వ్రాయుచున్నాను. మనవి చెదరియున్న కుటుంబములు. సేలములో అన్న ఉండిన షోలాపూరులో చెల్లెలు ఉండును; బరంపురములో వియ్యంకులు, యానాములో మేనత్త ఉందురు. ఒకచోట పెండ్లి జరిగినను, ఒక పెద్ద నేతగాని పనితనమును వీడియో తీసినను, దానిని నాలుగు చోట్లకు పంపవలసివచ్చును. పెద్దవారి యిండ్లలో టి.వి. ప్రక్కన డి.వి.డి. ప్లేయరు ఇంకను కనబడుచునే యున్నది. ఫోనులో చిన్న బొమ్మను చూచుటకంటె వారికి అదియే సుఖము. అందుచేత మన పిల్లలు ఇంటి కంప్యూటరులో వీడియోను కత్తిరించి, కూర్చి, డిస్కుగా చేయుచున్నారు. ఆ పని సగములో ఆగిపోయినదనియు, డిస్కు తయారైనను ప్లేయరులో ఆడుట లేదనియు అనేకులు నన్ను అడుగుచుందురు.

నేను ఈ పని నేర్చుకొనుటకు కారణము ఒక నష్టము. దానిని దాచక చెప్పుట మంచిది.

2014లో మా సంఘ సభ్యుడైన ఒక పెద్దాయన మగ్గము పనిని వీడియో తీసితిమి. అంచు ఒక రంగు, నడుము ఒక రంగు. రెండింటిని పోగు పోగుకు ముడివేయుచు కలుపు మూడు నాడెల పని ఆయనది. తమిళులు దానిని కోర్వై అందురు. కొంగు వద్ద పడుగు మార్చి అతుకు వేయుట కూడ చేసి చూపిరి. మొత్తము 40 నిమిషములు. కంప్యూటరులో కూర్చి డిస్కు చేయగా 'పూర్తియైనది' అను మాట తెరపై వచ్చినది. ఆ మాటను నమ్మి, చోటు చాలదని ఫైళ్లను తుడిచివేసితిమి. కెమేరా టేపుపై చౌడేశ్వరీ అమ్మవారి ఉత్సవమును తీసితిమి. తరువాత ఆ డిస్కును వేసి చూడగా 22 నిమిషముల వద్ద ఆగిపోయినది. ఎన్ని యంత్రములలో పెట్టినను అంతే. మరల తీయుదమని అనుకొనుచుండగనే పెద్దాయన మంచము పట్టిరి, మరి లేవలేదు. కొంగు అతుకు వేయు భాగము పోయినది. ఆ తప్పు నాదే. మీకు అట్లు జరుగకుండుటకే ఈ వ్యాసము.

మూడు పనులు, ఒక మీట

ఇంటి వాడకపు సాఫ్టువేరులో 'బర్న్' అను మీట ఒక్కటే కనబడును. కాని దాని వెనుక మూడు పనులు కలవు. మొదటిది, మీరు కూర్చిన తునకలన్నిటిని కలిపి ఒకే వీడియోగా నేయుట. రెండవది, ఆ వీడియోను డి.వి.డి. ప్లేయరుకు అర్థమగు రూపములోనికి మార్చుట. మూడవది, దానిని డిస్కుపై వ్రాయుట. మూడింటిలో ఏది చెడినను తెరపై వచ్చునది ఒక్క తప్పు మాటయే. మనవారు వెంటనే డిస్కును తిట్టి వేరొక డిస్కు పెట్టుదురు. పడుగులో ఉన్న దోషమునకు పేకను మార్చినట్లే ఇది.

కావున మొదట చేయవలసినది ఒక్కటే: మూడు పనులను విడదీయుడు. సాఫ్టువేరులో డిస్కునకు బదులుగా ఐ.ఎస్.ఓ. ఫైలును గాని, ఫోల్డరును గాని తయారుచేయు వీలు చాలవరకు ఉండును. దానిని ఎన్నుకొనుడు. ఐ.ఎస్.ఓ. అనగా డిస్కులో ఉండవలసినదంతయు ఒకే మూటగా కట్టిన ఫైలు. దానిని వి.ఎల్.సి. ప్లేయరులో తెరచి మొదటినుండి చివరివరకు చూడుడు.

ఐ.ఎస్.ఓ. తయారగుచుండగనే ఆగినచో, లేక అది సరిగా ఆడనిచో, దోషము మొదటి రెండు పనులలో ఉన్నది. డిస్కునకు గాని డ్రైవునకు గాని సంబంధము లేదు. ఐ.ఎస్.ఓ. చక్కగా ఆడి, డిస్కుపై వ్రాయునప్పుడు చెడినచో దోషము డిస్కులోనో డ్రైవులోనో ఉన్నది. డిస్కు కంప్యూటరులో ఆడి, టి.వి. వద్ద ఆడనిచో డిస్కు రకములోనో, ముగింపులోనో ఉన్నది. ఇంత తెలిసినచో సగము పని అయినట్లే.

వీడియో కూర్పులో వచ్చు దోషములు

పని ప్రతిసారి ఒకే శాతము వద్ద ఆగుచున్నచో అక్కడి తునకలో దోషమున్నది. ఆ తునకను తీసివేసి మరల నడిపి చూడుడు. నడిచినచో, ఆ తునకను హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్టువేరులో మార్చి తిరిగి చేర్చుడు. ఒక్కొక్కసారి ఒక్కొక్క శాతము వద్ద ఆగుచున్నచో కంప్యూటరు వేడెక్కుటయో, జ్ఞాపకశక్తి చాలకపోవుటయో, హార్డు డిస్కులో చోటు లేకపోవుటయో కారణము. నిండు డిస్కు చేయుటకు కనీసము 10 జీ.బి. ఖాళీ ఉంచుడు, 15 ఉన్న మేలు.

ఫోనుతో తీసిన వీడియోలో మరియొక చిక్కు కలదు. కెమేరా టేపులో సెకండునకు 25 బొమ్మలు నియమముగా ఉండును. ఫోను మాత్రము వెలుతురును బట్టి బొమ్మల సంఖ్యను హెచ్చించుచు తగ్గించుచుండును. అందుచేత పాత సాఫ్టువేరులో మాటకు పెదవికి పొంతన కుదరదు. మొదట ఐదు నిమిషములు బాగుండి, చివరకు వచ్చుసరికి నాడె చప్పుడు ముందు, నాడె కదలిక వెనుక అగును. దానికి మందు, కూర్పునకు ముందే ఫైలును సెకండునకు 25 బొమ్మల స్థిరమైన వేగమునకు మార్చుట. కొత్త ఫోనులు హెచ్.ఇ.వి.సి. అను రూపములో తీయును; పాత సాఫ్టువేరునకు అది తెలియదు. దానిని హెచ్.264 రూపమునకు మార్చిన తరువాతనే చేర్చవలెను.

పాత టేపు కెమేరాల వీడియోలో ఒక్కొక్క బొమ్మ రెండు అరలుగా, సరి గీతలు బేసి గీతలుగా, విడివిడిగా ఉండును. ఆ అరల వరుస తారుమారైనచో కూర్చున్న మనిషి బాగుగనే కనబడును గాని, కదులుచున్న నాడె ముందుకు వెనుకకు వణకును. మగ్గము వీడియోలో ఈ దోషము వెంటనే తెలియును. మినీ డి.వి. టేపు అయినచో సాఫ్టువేరు అమరికలలో క్రింది అర మొదట అను దానిని ఎన్నుకొనుడు.

చిన్న సంగతులు మరి రెండు. ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగులో పేరు పెట్టినచో కొన్ని పాత సాఫ్టువేర్లు వానిని చదువలేక ఆగిపోవును. పని ముగియువరకు ఇంగ్లీషు అక్షరములలో చిన్న పేరు పెట్టుడు. ఇక, ఐ.ఎస్.ఓ. ఫైలు 4 జీ.బి. దగ్గర ఆగుచున్నచో, దానిని దాచు పెన్ డ్రైవు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్నదేమో చూడుడు. ఆ పద్ధతిలో 4 జీ.బి. మించిన ఫైలు పట్టదు. ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతి గల చోట దాచినచో సరిపోవును.

డి.వి.డి.గా మార్చుటలో లెక్క

డి.వి.డి. ప్లేయరు ఎంపెగ్ 2 అను రూపమును చదువును. మన దేశపు పాల్ పద్ధతిలో బొమ్మ 720 అడ్డము, 576 నిలువు చుక్కలు. సెకండునకు 25 బొమ్మలు. డిస్కు కొలత 4.7 జీ.బి. అని పెట్టెపై ఉండును. కంప్యూటరు లెక్కలో అది సుమారు 4.38 మాత్రమే. 4.5 అని చూపు ఫైలు ఇందులో పట్టదు. ఈ తేడా తెలియక చాలమంది డిస్కులు పోగొట్టుకొనుచున్నారు.

ఎంత నిడివికి ఎంత సాంద్రత అనునది నూలు లెక్కవంటిదే. ధ్వనితో కలిపి, ఒక గంట వీడియోకు సెకండునకు 8 మెగాబిట్లు, గంటన్నరకు 6.5, రెండు గంటలకు 5 పెట్టవచ్చును. మూడు గంటలు ఒకే డిస్కులో ఇరికించవలెనన్న 3.3కు దిగవలసివచ్చును, అప్పుడు నాడె కదలిన చోటెల్ల బొమ్మ గళ్లు గళ్లుగా చీలిపోవును. రెండు డిస్కులు చేయుటయే మేలు. అట్లని నాణ్యత కొరకు 9 దాటించవద్దు. డి.వి.డి. నియమములో అన్నియు కలిపి 10.08కు మించరాదు, పాత ప్లేయర్లు అంతకు ముందే తొట్రుపడును.

టి.వి. తెర బొమ్మ అంచులను కొంత కప్పివేయును. పేర్లు, శీర్షికలు నాలుగు వైపుల పదవ వంతు వదలి లోపల వ్రాయుడు.

డిస్కుపై వ్రాయునప్పుడు

ఇప్పటి ల్యాప్‌టాపులలో చాలవాటికి డిస్కు డ్రైవు లేదు. బయట తగిలించు డ్రైవు కొనవలెను. అది యు.ఎస్.బి. తీగనుండియే విద్యుత్తును తీసికొనును. వ్రాయునప్పుడు దానికి శక్తి ఎక్కువ కావలెను. అనేక పరికరములు తగిలించిన హబ్బులో పెట్టినచో శక్తి చాలక, పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ అని గాని, రైట్ ఎర్రర్ అని గాని వచ్చును. డ్రైవును నేరుగా కంప్యూటరుకు తగిలించుడు. అప్పటికిని వచ్చినచో వేరొక కంపెనీ డిస్కు పెట్టి చూడుడు. అదియు పోయినచో కటకముపై దుమ్ము చేరియుండును. మన యిండ్లలో నూలు దూది గాలిలో ఎగురుచుండును గనుక, మగ్గమున్న గదిలో ఈ పని చేయకుండుటయే మంచిది.

పెట్టెపై 16 రెట్ల వేగము అని ఉన్నను, 4 గాని 8 గాని పెట్టుడు. 4 రెట్ల వేగమున నిండు డిస్కునకు సుమారు పావుగంట పట్టును. ఆ సమయమున వేరే పని నడపవద్దు. కంప్యూటరు నిద్రపోవు అమరికను తీసివేయుడు. ఐ.ఎస్.ఓ. ఫైలును డిస్కుపై వ్రాయు వీలు విండోస్ 7 నుండి కంప్యూటరులోనే కలదు. ఇమ్జ్‌బర్న్ అను ఉచిత సాఫ్టువేరు కూడ ఈ పని చేయును. మెనూతో డి.వి.డి. తయారుచేయుటకు డి.వి.డి. స్టైలర్ కలదు. విండోస్ డి.వి.డి. మేకరు 2012లో వచ్చిన విండోస్ 8 నుండి లేదు. విండోస్ మూవీ మేకరును మైక్రోసాఫ్టు 2017 జనవరిలో నిలిపివేసినది. వానికొరకు వెదకుచు ఎవరో పెట్టిన నకలును దించుకొని వైరసు తెచ్చుకొనవద్దు.

ప్లేయరులో ఆడనిచో

సాధారణమైన పొరపాటు ఇది: వీడియో ఫైలును పెన్ డ్రైవులోనికి వలె డిస్కులోనికి కాపీ చేయుదురు. అది డేటా డిస్కు అగును గాని డి.వి.డి. వీడియో కాదు. నిజమైన డి.వి.డి. వీడియోలో వీడియో టి.ఎస్. అను ఫోల్డరు ఉండవలెను. దానిని మొదట చూడుడు. పిమ్మట, డిస్కును ఫైనలైజ్ చేసితిరా యని చూడుడు. అంచు ముడివేయక మగ్గమునుండి దించిన గుడ్డవలె, ముగింపు చేయని డిస్కు వ్రాసిన యంత్రములో తప్ప వేరొకచోట నిలువదు. మూడవది, మరల మరల వ్రాయుటకు వీలగు ఆర్.డబ్ల్యూ. డిస్కులను కొన్ని పాత ప్లేయర్లు చదువలేవు. బంధువులకు పంపుటకు డి.వి.డి. మైనస్ ఆర్. రకము సురక్షితము. కాగితపు లేబులు అంటించవద్దు. తిరుగునప్పుడు డిస్కు వణకును. మెత్తని కలముతో పైవైపున పేరు వ్రాసిన చాలును.

చివరి మాట

'పూర్తియైనది' అను మాట యంత్రము చెప్పునది, సాక్ష్యము కాదు. వ్రాసిన పిదప సరిచూచు వెరిఫై అమరికను తప్పక పెట్టుడు. తరువాత మీ యింటి టి.వి. వద్ద వేసి చూడుడు. మొదటి నిమిషము చూచి లేచిపోవద్దు. మధ్యకు, చివరకు జరిపి చూడుడు. డిస్కు లోపలినుండి వెలుపలి అంచునకు వ్రాయబడును గనుక నిండు డిస్కులో దోషము తరచుగ చివరి భాగముననే పట్టుబడును.

అన్నిటికంటె ముఖ్యము: డిస్కు బంధువులకు పంపుటకే గాని, దాచుకొనుటకు కాదు. అందులోని రంగుపొర ఎండకు, వేడికి చెడును. అసలు ఫైలును రెండు వేర్వేరు హార్డు డిస్కులలో, వీలైన రెండు వేర్వేరు యిండ్లలో ఉంచుడు. గంట నిడివి మినీ డి.వి. టేపు కంప్యూటరులో సుమారు 13 జీ.బి. పట్టును; ఇప్పటి హార్డు డిస్కులలో అది పెద్ద చోటు కాదు. ఆ రెండు ప్రతులు చూచుకొనువరకు టేపుపై మరి ఏమియు తీయవద్దు.

మా పెద్దాయన వీడియోలో మిగిలిన 22 నిమిషములు ఇప్పుడు మూడు చోట్ల భద్రముగ నున్నవి. పోయిన 18 నిమిషములు మాత్రము ఏ యంత్రమును తిరిగి ఈయజాలదు. మీ యింట పాత పని తెలిసిన పెద్దలున్నచో ఈ నెలలోనే వీడియో తీయుడు. డిస్కు చెడినచో ఇంకొకటి కొనవచ్చును.

ఇట్లు,
మీ విధేయుడు,
చేనేత సహకార సంఘ కార్యదర్శి