బూజు దులపండి... బంగారం పారెయ్యకండి!

ఉగాది పది రోజుల్లోకి వచ్చిందంటే చాలు, తెలుగువారి ప్రతి ఇంట్లోనూ ఓ కొత్త చిత్రం షూటింగు మొదలవుతుంది. హీరో నెత్తికి తువ్వాలు చుడతాడు. హీరోయిన్ చెంగు నడుముకు బిగించి బూజుకర్ర అందుకుంటుంది. అటక మీది సామాన్లు ఒక్కొక్కటే కిందికి దిగుతుంటే పిల్లలు తుమ్ములతో నేపథ్య సంగీతం సమకూరుస్తారు. క్లైమాక్సులో పాత సామాన్లవాడు తక్కెడతో ప్రవేశిస్తాడు. శుభం!

చూసేవాళ్ళకి మంచి హాస్య చిత్రమే. కానీ కిందటేడు మా ఇంట్లో అది విషాదాంతమైంది. అందులో విలన్ ఎవరంటారా? ఈ వ్యాసం రాస్తున్న నేనే!

ట్రంకు పెట్టె కథ

తెనాలిలో మా అమ్మమ్మ ఇల్లు. పండక్కి వెల్ల వేయిస్తున్నారు, అటక ఖాళీ చెయ్యాలి. "నువ్వు కూర్చో అమ్మమ్మా, అన్నీ నేను చూసుకుంటాగా!" అని డైలాగు కొట్టి నిచ్చెనెక్కాను. చిల్లుపడ్డ గంగాళం, కాలు విరిగిన కుర్చీ, మూగబోయిన టేపురికార్డరు, అన్నిటి వెనకా ఓ ఆకుపచ్చ ట్రంకు పెట్టె. మూత తీస్తే అన్నీ కాగితాలే. పాత పత్రికలు, సినిమా పాటల పుస్తకాలు. ముట్టుకుంటే అంచులు రాలిపోతున్నాయి. చెదలు పట్టకముందే వదిలించుకుందామని పెట్టెతో సహా తూకానికి వేసేశాను.

సాయంత్రం అమ్మమ్మ అటకవైపు చూసి, "ఒరేయ్, ఆకుపచ్చ పెట్టేదిరా?" అనడిగింది.

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాసేపాగి, "అందులో మాయాబజార్ పాటల పుస్తకం ఉండాలిరా. పెళ్ళయ్యాక మీ తాతయ్య నన్ను తీసుకెళ్ళిన మొదటి సినిమా. వెనకట్ట మీద ఆయన నా పేరు రాసిచ్చారు. గంగాళం అమ్మేసినా ఏమీ అనకపోదును" అంది.

మర్నాడు తెల్లవారకుండానే పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాను. కాగితాల సరుకు రాత్రే లారీ ఎక్కేసిందట!

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. 2010లో రంగులద్దుకుని మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఇప్పుడైతే సెల్‌ఫోనులోనే చూసెయ్యొచ్చు. సినిమా ఎక్కడికీ పోలేదు. తాతయ్య చేతిరాతే ఇక రాదు.

కాగితమే ఆధారం

"అది మీ ఇంటి సెంటిమెంటు, మాకెందుకు?" అనకండి. పాటల పుస్తకం అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. అణాల కాలంలో సినిమా హాళ్ళ దగ్గర అమ్మేవారు. నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు, కథా సంగ్రహం, పాటల సాహిత్యం... అన్నీ ఆ నాలుగు పేజీల్లోనే. ఫలానా పాట ఎవరు రాశారన్న పేచీ వస్తే, చిత్ర చరిత్ర రాసేవాళ్ళు ఇవాళ్టికీ వెతికేది వాటినే.

ఎందుకంటే కొన్నిటికి సినిమాయే మిగల్లేదు! 1921 నాటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఇప్పుడు మనకు లేదు. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు కూడా అంతే. ఆనాటి నైట్రేట్ ఫిల్ము వేడికీ తేమకీ పాడయ్యేది, నిప్పు సోకితే భగ్గుమనేది. ఆట అయిపోయిన రీళ్ళు గదికి అడ్డమనుకుని, అందులోని వెండి కోసం కరిగించేసినవీ ఉన్నాయి. వెండితెర చివరికి వెండికే బలైందన్నమాట!

అలాంటి చిత్రాలకు మిగిలే సాక్ష్యం పాటల పుస్తకాలు, ప్రకటనలు, స్టిల్సే. అందుకే పుణెలో 1964లో మొదలై, 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ రీళ్ళతోపాటు పాటల పుస్తకాల్నీ, పోస్టర్లనీ కూడా సేకరించి దాస్తూ వచ్చింది.

నాలుగో కుప్ప

అలాగని అటకంతా మ్యూజియం చెయ్యమని కాదు సుమా! ఇల్లు సర్దేటప్పుడు మామూలుగా మూడు కుప్పలు వేస్తాం - వాడేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. నాలుగోది కూడా వెయ్యండి - అడగాల్సినవి. ఇంట్లో పెద్దవాళ్ళు చూసేదాకా ఆ కుప్ప గడప దాటకూడదు.

ఉంచదలచుకున్న కాగితాల్ని ఎండలో పెట్టకండి, నీడలో ఆరనివ్వండి. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము తుడవండి. చిరిగిందని టేపు అంటించొద్దు, లామినేషన్ అసలొద్దు. పాత గ్రామఫోను రికార్డులుంటే ఒకదానిమీదొకటి పేర్చకుండా నిలబెట్టండి. అవి లక్కతో చేసినవి, కిందపడితే పెంకులే! ఎవరికైనా ఇచ్చెయ్యాలనుకుంటే ముందు ప్రతి పేజీకీ ఓ ఫోటో తీసి ఉంచుకోండి.

ఈ ఏడు మళ్ళీ తెనాలి వెళ్ళాను. అమ్మమ్మని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్కో వస్తువూ దించి చూపించాను. "ఉంచనా, తీసెయ్యనా?" నేను జాలిపడుతున్నవాటికి కూడా ఆవిడ నిర్మొహమాటంగా "తీసెయ్!" అనేసింది. ఆ కాలు విరిగిన కుర్చీ తాతయ్యదని ఉంచబోతే, "మీ తాతయ్యకే అదంటే పడేది కాదురా" అని నవ్వింది. మధ్యాహ్నానికి అటక సగానికి పైగా ఖాళీ! ఉంచమన్నది ఒక్క టేపురికార్డరే. ఇన్నేళ్ళూ అందులోనే ఉండిపోయిన క్యాసెట్‌లో ఆయన గొంతుందట. దాన్నిప్పుడు బాగుచేయించే పనిలో ఉన్నాను.

పాటల పుస్తకాల్లో సగం కథ చెప్పి, మిగతాది వెండితెరపై చూడమనేవారు. మన ఇళ్ళల్లో ఆ మిగతా కథ పెద్దవాళ్ళ దగ్గరుంది. నిచ్చెన వేసేముందు ఒక్కసారి వాళ్ళని అడగండి!