మీకు తెలుసా? భూగర్భ శాస్త్రంలో కోయిలకుంట్ల పేరు

• కుందూ నది ఒడ్డునున్న కోయిలకుంట్ల పేరు భూగర్భ శాస్త్ర పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. కర్నూలు శిలా సముదాయంలోని ఒక పొర పేరే ‘కోయిలకుంట్ల సున్నపురాయి’. దాని కింది పొరలకు బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం పేర్లు, పైపొరకు నంద్యాల పేరు పెట్టారు. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రే ఈ సున్నపురాయి.

• కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను చెక్కింది నీళ్లే. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని పలుచని ఆమ్లంగా మారుతుంది. రాతి పగుళ్లలోకి దిగి సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అలా ఏర్పడిన దారుల పొడవు 3,229 మీటర్లు! లోపల అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, నేలమట్టానికి 46 మీటర్ల కింద ఉంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశారు. 1982-83లో జర్మన్ పరిశోధకుడు డేనియల్ గెబావర్ బృందం లోపలంతా కొలిచి పటం గీసింది.

• 1846 జులైలో ఈస్టిండియా కంపెనీపై తిరుగుబాటు చేసిన పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, ఆయన అనుచరులు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. కంపెనీ ప్రభుత్వం 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఇదే ఊళ్లో జనం చూస్తుండగా ఉరి తీసింది. ఆయన తల 1877 దాకా కోట గుమ్మానికి వేలాడింది.

• పక్కనున్న బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానం. బంగినపల్లి మామిడికి ఆ ఊరి పేరే వచ్చింది. 2017లో ఆ పండు భౌగోళిక గుర్తింపు పొందింది.