నారుమడి చూచి గాదె కట్టవద్దు
వ్యాపార సంస్థలలో కృత్రిమ మేధ: ప్రయాణములలో కలిగిన కొన్ని తలంపులు

ఈ దినములలో వార్తాపత్రిక తెరచినా, టీవీ పెట్టినా ఏఐ అనే రెండక్షరములు తప్పక కనబడుతున్నవి. తెలుగులో దీనిని కృత్రిమ మేధ అంటున్నారు. యంత్రము మనిషివలె చదువుతుందట, మాటలాడుతుందట, ఉత్తరములు వ్రాస్తుందట, బొమ్మలు గీస్తుందట. ఈ మాటలు విని మన పల్లెలలోని తలిదండ్రులు రెండు విధములుగా కలత చెందుతున్నారు. పిల్లల ఉద్యోగములు పోతాయేమోనని కొందరికి భయము. ఏఐ కోర్సు ఒకటి చేయిస్తే చాలు, జీతము లక్షలలో వస్తుందని మరి కొందరికి ఆశ. భయపడి పిల్లల చదువు మార్పించేవారున్నారు. ఆశపడి అప్పు చేసి ఫీజులు కట్టేవారున్నారు. రెండూ తొందరపాటు పనులే.

సభల నిమిత్తము, కుటుంబ దర్శనముల నిమిత్తము మేము హైదరాబాదు, బెంగళూరు నగరములకు తరచు వెళ్ళివస్తూ ఉంటాము. మన ఊళ్ళ బిడ్డలు అనేకులు అక్కడి కంపెనీలలో పనిచేస్తున్నారు. వారి ఇండ్లలో బస చేసినప్పుడు విన్నవి, దారిలో చూచినవి, చదివి తెలిసికొన్నవి కలిపి, మన కుటుంబములకు పనికివచ్చునట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ యంత్రము ఎలా నేర్చుకొంటుంది?

పాత కంప్యూటరుకు మనిషి ప్రతి సంగతీ ముందుగా చెప్పిపెట్టేవాడు. ఇది వస్తే ఇలా చేయి, అది వస్తే అలా చేయి అని. కొత్త యంత్రము అలా కాదు, ఉదాహరణలు చూచి నేర్చుకొంటుంది. మిర్చి యార్డులో అనుభవమున్న వ్యాపారి గుప్పెడు కాయలు చేతిలోకి తీసికొని రంగు, తేమ, తాలు చూచి వెంటనే ధర చెబుతాడు. అది ఏ పుస్తకములోనూ చదివినది కాదు. ఏండ్ల తరబడి వేల బస్తాలు చూచినందున వచ్చినది. యంత్రముకు కూడా లక్షల కొలది ఫోటోలు, కోట్ల కొలది వాక్యములు చూపించి నేర్పుతారు. 2022 నవంబరు 30న ఛాట్‌జీపీటీ అనేది బయటకు వచ్చిన తరువాత ఈ సంగతి సామాన్యులందరికీ తెలిసింది.

గనుక అది ఏమి చూచి నేర్చుకొన్నదో దానినిబట్టే చెబుతుంది. తాను చూడని సంగతినిగూర్చి కూడా తడుముకోకుండా చెబుతుంది. మనిషైతే తెలియనప్పుడు నసుగుతాడు, తల గోక్కుంటాడు, ఎదుటివాడు కనిపెడతాడు. యంత్రము అలా నసగదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఒక గదిలో గెలిచినది

బెంగళూరులో ఒక ఇంట భోజనమునకు కూర్చున్నప్పుడు ఆ ఇంటి అబ్బాయి మాతో అన్నాడు: "అయ్యగారూ, మా ఆఫీసులో మూడు నెలల్లో ఏఐ నమూనా ఒకటి తయారు చేసి చూపించాం. పెద్దవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఏడాదిన్నర అయింది, ఇంకా మా ఒక్క డిపార్టుమెంటు దాటలేదు."

ఎందుకని అడిగితే ఆ అబ్బాయి చెప్పిన కారణము మనకు చక్కగా అర్థమయ్యేదే. వారి కంపెనీలో ఒక శాఖ లెక్కలలో ఖాతాదారుని ఇంటిపేరు ముందు ఉన్నది, ఇంకొక శాఖలో చివర ఉన్నది, మరొకచోట పొడి అక్షరములు మాత్రమే ఉన్నవి. ముగ్గురు మనుషులో ఒక్క మనిషో యంత్రము తేల్చుకొనలేకపోయింది. ఆధార్ కార్డులో ఒక పేరు, పట్టాదారు పాసుపుస్తకములో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉండి మండల కార్యాలయము చుట్టూ తిరిగిన మన రైతులకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

నారుమడి వేరు, ఆయకట్టు వేరు. నారుమడి ఇంటి దగ్గర ఉంటుంది. మంచి విత్తనము, సమయానికి నీరు, ఉదయము సాయంత్రము చూచే కన్ను ఉంటాయి. అక్కడ నారు పచ్చగా వచ్చినంత మాత్రాన కాలువ చివరి పొలము పండినట్లు కాదు. కంపెనీలలో చూపించే నమూనా నారుమడి వంటిది. దానిని సంస్థ అంతటికీ విస్తరింపజేయడము ఆయకట్టు అంతా సాగు చేయడము వంటిది.

ఇది ఆ ఒక్క కంపెనీ కథ కాదు. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే సంస్థ 2024లో 59 దేశములలోని వెయ్యిమంది పెద్ద అధికారులను విచారించి, నూటికి 74 కంపెనీలు ఏఐ ద్వారా చెప్పుకోదగిన ఫలము పొందుటకును, దానిని విస్తరించుటకును అవస్థ పడుతున్నవని ప్రకటించింది. అదే సంస్థ మరొక మాట చెప్పింది. ఈ పనికి పెట్టే శ్రమలో పది పాళ్ళు యంత్రపు సూత్రములకు, ఇరువది పాళ్ళు కంప్యూటర్లకు, లెక్కల సమాచారమునకు, మిగిలిన డెబ్బది పాళ్ళు మనుషులకు, వారు పనిచేసే పద్ధతులకు పోవాలట. మనమందరము ఆ పది పాళ్ళను చూచి ఆశ్చర్యపడుతున్నాము. పని నిలిచేది మాత్రము ఆ డెబ్బది పాళ్ళ మీద.

ప్రయోగశాల వేరు, ఊరి ఆసుపత్రి వేరు

గూగుల్ సంస్థ చక్కెర వ్యాధి గలవారి కంటి ఫోటో చూచి చూపునకు ప్రమాదమున్నదో లేదో చెప్పే యంత్రమును తయారు చేసింది. ప్రయోగశాలలో అది నూటికి తొంభైకి పైగా సరిగా చెప్పింది. 2018, 2019 సంవత్సరములలో థాయిలాండు దేశములోని 11 చిన్న ఆసుపత్రులలో దానిని వాడి చూచారు. అక్కడి నర్సులు మనవారి వలెనే కష్టపడి పనిచేసేవారు. కాని ఫోటో తీయుటకు కావలసిన చీకటి గది అన్ని చోట్లా లేదు. వెలుతురు సరిగా లేని ఫోటోలను యంత్రము చూడనన్నది. పంపిన వాటిలో ఐదింట ఒక వంతుకు పైగా అలా తిరిగి వచ్చాయి. ఇంటర్నెట్ నెమ్మదించిన చోట వరుసలు పెరిగాయి. ఫోటో తిరస్కరింపబడినవారు మరొక దినమున దూరపు ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. కూలి మానుకొని వచ్చిన మనిషికి అది ఎంత నష్టమో మనకు తెలుసు.

యంత్రము చెడ్డదని దీని భావము కాదు. ఆ సంస్థవారే ఈ లోపములను 2020లో బహిరంగముగా ప్రకటించి, నర్సులతో కూర్చుని పద్ధతులు సరిదిద్దే పనిలో దిగారు. ముందు గది చూడాలి, కరెంటు చూడాలి, పనిచేసే మనిషిని అడగాలి. యంత్రమును ఆ తరువాత తేవాలి.

పాత లెక్కలలోని తప్పు కొత్త యంత్రములోనికి కూడా దిగుతుంది. అమెజాన్ సంస్థ ఉద్యోగ దరఖాస్తులను వడపోయుటకు ఒక యంత్రమును తయారు చేసికొన్నది. పదేండ్ల పాత దరఖాస్తులను చూపి దానికి నేర్పారు. ఆ పదేండ్లలో వచ్చినవారు ఎక్కువగా మగవారే గనుక, అది ఆడవారి దరఖాస్తులకు తక్కువ మార్కులు వేయడము నేర్చుకొన్నది. సంస్థ ఆ పనిని మానివేసింది. 2018లో ఈ సంగతి లోకమునకు తెలిసింది. మన ఆడబిడ్డలను ఉద్యోగములకు పంపుచున్న మనము ఇది గుర్తుంచుకొనవలెను.

మాట ఇచ్చినవారెవరు?

ప్రయాణముల సంగతి వచ్చింది గనుక ఒక వ్యాజ్యము చెప్పవలెను. కెనడా దేశములో 2022లో ఒకరి నాయనమ్మ మరణించింది. అంత్యక్రియలకు పోవుటకు టికెట్టు కొనబోతూ, ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైటులో జవాబులిచ్చే యంత్రమును అడిగాడు. ఇప్పుడు పూర్తి ధరకు కొనండి, మరణము కారణముగా ఇచ్చే తగ్గింపుకు 90 దినములలోగా దరఖాస్తు పెట్టుకొనవచ్చునని అది చెప్పింది. తీరా అడిగితే అలాంటి నియమము లేదని సంస్థ డబ్బు నిరాకరించింది. విచారణలో ఆ సంస్థ చేసిన వాదన వినదగినది: ఆ యంత్రము వేరే వ్యక్తి వంటిది, దాని మాటలకు అదే బాధ్యురాలు అన్నట్లు వాదించింది! 2024 ఫిబ్రవరిలో అక్కడి న్యాయ మండలి ఆ వాదనను త్రోసివేసి, వెబ్‌సైటులోని ప్రతి మాటకూ సంస్థదే బాధ్యత అని తీర్పు చెప్పి, వడ్డీ, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు ఇప్పించింది. ఆ ప్రయాణికుడు యంత్రము చెప్పిన మాటలను ఫోటో తీసి దాచుకొన్నాడు. అదే అతనికి ఆధారమైనది.

మన దేశములో కూడా రైల్వే టికెట్ల సంస్థ ఐఆర్‌సీటీసీ 2018లోనే ఆస్క్‌దిశ అనే జవాబుల యంత్రమును పెట్టింది. విజయవాడ విమానాశ్రయములో 2023 నుండి డిజియాత్ర అనే పద్ధతిలో ముఖము చూచి తలుపు తెరచుకొంటున్నది. అక్కడ మాకు నచ్చిన సంగతి ఒకటున్నది. ముఖము చూపడము ఇష్టము లేనివారికి, చేతగాని ముసలివారికి మనిషి కాగితము చూచి పంపే వరుస కూడా పక్కనే ఉన్నది. యంత్రమును పెంచే ప్రతి సంస్థా అలాంటి వరుస ఒకటి ఉంచడము ధర్మము.

మనుషులను తీసివేసి, మరల పిలిచినవారు

స్వీడన్ దేశపు క్లార్నా అనే వాయిదాల చెల్లింపు సంస్థ, తన యంత్రము 700 మంది చేసే పని చేయుచున్నదని 2024లో గొప్పగా ప్రకటించింది. 2025లో దాని అధిపతి, ఖర్చు తగ్గించుటలో నాణ్యత తగ్గినదని ఒప్పుకొని, ఖాతాదారులతో మాటలాడుటకు మనుషులను మరల తీసికొంటామన్నాడు. ఆస్ట్రేలియాలోని కామన్‌వెల్త్ బ్యాంకు 2025 జూలైలో, ఫోనులో మాటలాడే యంత్రము వచ్చినదని 45 ఉద్యోగములు తీసివేస్తున్నట్లు చెప్పింది. నెల తిరగకముందే, ఆగస్టులో, తమ అంచనా సరికాదని ఉద్యోగులకు క్షమాపణ చెప్పి ఆ నిర్ణయమును వెనుకకు తీసికొన్నది.

అందువలన ఉద్యోగములకు ఏ భయమూ లేదని మేము చెప్పము. 2025లో మన దేశపు టీసీఎస్ సంస్థ సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఏఐ వలన కాదు, కొత్త పనులకు తగిన నైపుణ్యము కుదరనందువలన అని సంస్థ చెప్పింది. కారణము ఏమైనా, ఒక్క పని మాత్రమే వచ్చినవారికి కష్టకాలము ఉన్నదన్నది స్పష్టము.

ఖమ్మము మిర్చి రైతులు

మేలు జరిగిన చోటు కూడా చెప్పవలెను. తెలంగాణ ప్రభుత్వము, ప్రపంచ ఆర్థిక వేదిక, డిజిటల్ గ్రీన్ అనే సంస్థ కలిసి ఖమ్మము జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతో సాగుబాగు అనే పథకమును నడిపించారు. యంత్రము ఇచ్చే పంట సలహాలతో పాటు మట్టి పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, కొనేవారితో సంబంధము కలిపి ఇచ్చారు. ఎకరమునకు దిగుబడి నూటికి 21 పెరిగినదనీ, పురుగుమందు 9, ఎరువులు 5 వంతున తగ్గినవనీ ఫలితములు ప్రకటించారు. 2023లో దీనిని పది జిల్లాలలో ఐదు పంటలకు, ఐదు లక్షల మంది రైతులకు విస్తరిస్తామని ప్రకటన చేశారు.

యంత్రమును ఒంటరిగా దింపలేదు గనుక అక్కడ పని సాగింది. రైతుకు అవసరమైన నాలుగు సంగతులు ఒక్క కట్టగా అందాయి. అయితే ఏడువేల నుండి ఐదు లక్షలకు పోవడము కూడా నారుమడి నుండి ఆయకట్టుకు పోవడమే. అక్కడ కూడా ఆ డెబ్బది పాళ్ళ మనిషి శ్రమ తప్పదు.

మన కుటుంబములు చేయదగినవి

మొదటిది, కోర్సుల సంగతి. ఫీజు కట్టకముందు ఆ సంస్థలో చదివి ఉద్యోగము చేస్తున్న ఇద్దరు పిల్లలను స్వయముగా కలిసి మాటలాడండి. గోడమీది ఫోటోలను నమ్మి పొలము తాకట్టు పెట్టవద్దు. కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదికలో ఏఐ పాఠములు ఉచితముగా దొరుకుతాయి. ధ్రువపత్రమునకు పరీక్ష వ్రాస్తేనే రుసుము. పిల్లవాడు ముందు అక్కడ మూడు నెలలు చదివి చూడనివ్వండి. ఆసక్తి ఉన్నదో లేదో మీకే తెలుస్తుంది.

రెండవది, చేతిపని. లెక్కలు, నర్సింగు, వ్యవసాయము, మరమ్మతు, ఏదైనను ఒక పనిని లోతుగా తెలిసిన బిడ్డకు ఈ యంత్రము చేతిలో పనిముట్టు అవుతుంది. ఏ పనీ తెలియకుండా యంత్రము పేరు మాత్రము నేర్చినవానికి ఉపయోగము తక్కువ. డెబ్బది పాళ్ళు మనుషుల పద్ధతులలో ఉన్నప్పుడు, ఆ పద్ధతులు తెలిసినవారే సంస్థలకు కావలెను.

మూడవది, చిన్న వ్యాపారులు, పాల సంఘములు, పొదుపు సంఘముల వారు ముందు తమ పుస్తకములు చక్కపెట్టుకోవాలి. పేర్లు, తేదీలు, బాకీలు ఒక్క తీరుగా వ్రాసి ఉంచండి. లెక్క సరిగా లేని చోట ఏ యంత్రమూ మేలు చేయదు.

నాలుగవది, బ్యాంకు గాని, బీమా గాని, టికెట్ల సంస్థ గాని యంత్రముచేత జవాబు చెప్పిస్తే ఆ జవాబును ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. డబ్బు, ఆరోగ్యము, భూమి, వీటి విషయములో మనిషితో మాటలాడకుండా ముగించవద్దు. "మీ పెద్దవారితో మాటలాడాలి" అని అడిగే హక్కు మీకు ఉన్నది. చదువురాని పెద్దవారి పక్షమున ఇంటిలోని పిల్లలు ఈ పని చేసి పెట్టాలి.

యంత్రములు ఇంకా పెరుగుతాయి, మన ఊళ్ళకు కూడా వస్తాయి. వచ్చినప్పుడు వాటిని చూచి పారిపోనక్కరలేదు, మొక్కనక్కరలేదు. ఇది ఎవరిని చూచి నేర్చుకొన్నది, ఎవరి పొలములో పరీక్షించారు, తప్పు చెబితే ఎవరు జవాబుదారి అని మూడు ప్రశ్నలు అడగండి. తెచ్చినవారు మూడింటికీ తిన్నగా జవాబు చెప్పగలిగితే వాడి చూడండి. చెప్పలేకపోతే, సరిగా తెలిసికొని మరల రమ్మని మర్యాదగా పంపివేయండి.