వింతల వినిమయము

మానవునకు వింత యన్న మక్కువ మెండు. త్రోవప్రక్క పాతరాతిమీద తెలియని అక్షరములు కానవచ్చినచో ఆగి చూచును. ముదుసలి నోట నెన్నడును వినని సామెత వెలువడినచో చెవి యొగ్గును. తాతగారి పెట్టెలో దొరికిన రాగి నాణెమును పదిమార్లు త్రిప్పి చూచును. అంతవరకు బాగుగనే యున్నది. తరువాత నేమగుచున్నది? ఆ సాయంకాలము ఇంటిలో నలుగురకు చెప్పుదుము. వారు ఔరా యందురు. వారము గడచునప్పటికి అందరమును మరతుము. రాయి గోడలోనికి పోవును. సామెత ముసలమ్మతో పోవును. నాణెము మూసలో కరగిపోవును. ఈ విధముగ మన కన్నులయెదుటనే ఎంత తెలివి నశించుచున్నదో లెక్కించువారు లేరు.

ఒకరికి దొరికిన వింత పదిమంది సొత్తు ఎట్లగును? వట్టి వింత విజ్ఞానముగా మారుటకు ఏమేమి కావలయును? ఈ ప్రశ్నలకు వేర్వేరు దేశములలో, వేర్వేరు కాలములలో కొందరు ఆచరణరూపమున సమాధానము చెప్పియున్నారు. వారిని గూర్చి కొంత ముచ్చటింతము.

ఇంగ్లండు దేశమున విలియం జాన్ థామ్స్ అను నొక ఉద్యోగి యుండెను. 1803లో జన్మించిన ఈతనికి పగలు కచేరి పని. తీరిక దొరికిన పాత గ్రంథములు, పాత కథలు. 1846 ఆగస్టులో ఈతడు ‘అథీనియం’ అను పత్రికకు మారుపేరుతో నొక లేఖ వ్రాసెను. పల్లెజనుల ఆచారములు, నమ్మకములు, కథలు, సామెతలు అంతరించిపోవుచున్నవనియు, పాఠకులు తమకు తెలిసినవానిని పంపినచో కొంతయైన దక్కుననియు ఆ లేఖ సారాంశము. వీని కన్నింటికిని కలిపి ‘ఫోక్‌లోర్’ అను క్రొత్తపేరు నాతడు అందులోనే కల్పించెను. మనము జానపద విజ్ఞానమని పిలుచుకొను శాస్త్రమునకు ఆంగ్లమున నామకరణము జరిగినది ఒక పత్రికకు వచ్చిన ఉత్తరములో నన్నమాట!

మూడేండ్ల తరువాత, 1849 నవంబరు 3వ తేదీన, థామ్స్ తానే లండను నగరమునుండి ‘నోట్స్ అండ్ క్వెరీస్’ అను వారపత్రికను ప్రారంభించెను. పేరులోనే దాని పద్ధతి యున్నది. మొదటిది విషయము: నాకిది దొరికినది, చిత్తగింపుడు. రెండవది ప్రశ్న: నాకిది తెలియదు, తెలిసినవారు చెప్పుడు. ఈ రెండింటినుండి మూడవది పుట్టినది: జవాబు. పల్లెలోని మతాచార్యుడు, పట్టణములోని న్యాయవాది, గ్రంథాలయాధికారి, పని చాలించుకొన్న సైనికోద్యోగి — ఎవరైనను వ్రాయవచ్చును. పలువురు తమ పేరునకు బదులు పొడి అక్షరములతోనో మారుపేరుతోనో వ్రాసిరి. వ్రాసినవాని హోదాతో పని లేదు. వ్రాసినది నిలుచునా, నిలువదా అన్నదే ముఖ్యము.

ఒక సామెత పుట్టుక, ఒక సమాధిమీది వ్రాత, ఒక వంశముయొక్క చరిత్ర, ఒక పండుగనాటి విచిత్రాచారము, ఎవరు వ్రాసినదో తెలియని ఒక గ్రంథము — ఇట్టివన్నియు ఆ పుటలలో ప్రక్కప్రక్కనే కూర్చుండెడివి. పైకి కలగూరగంపవలెనే కానవచ్చును. కాని ఆ గంపలో నొక క్రమము కలదు. ఒక వారము ప్రశ్న వెలువడును. కొన్ని వారములకు దూరపు జిల్లానుండి నొక జవాబు వచ్చును. ఆ జవాబులో దోషము కలదని మరియొకరు చూపుదురు. సంవత్సరములు గడచిన పిదప ఇంకొకరు పాత సంచికను చదివి క్రొత్త సాక్ష్యము పంపుదురు. ఒంటరిగా నెవరికిని తెలియనిది, పదిమంది చేతులు సోకునప్పటికి తెలిసినది యగుచుండెను. ఆ పత్రిక నేటికిని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము పక్షమున వెలువడుచునే యున్నది.

వింతలను చేరదీయువాడు వింతలన్నింటిని నమ్మవలెనా? ఇచ్చట థామ్స్ చూపిన దారి గమనింపదగినది. నూరేండ్లు దాటి బ్రతికిన వారినిగూర్చిన కథలు ఆ కాలమున మెండు. థామస్ పార్ అను రైతు నూటయేబదిరెండేండ్లు జీవించి 1635లో మరణించెనని ప్రతీతి. ఆతనిని వెస్ట్‌మినిస్టర్ అబ్బీలో నుత్తముల నడుమ సమాధి చేసిరి. ఇట్టి కథలను థామ్స్ త్రోసిపుచ్చలేదు, తలయూపి ఒప్పుకొనను లేదు. పుట్టిననాటి బాప్తిస్మపు నమోదు ఏది? ఆ నమోదులోని శిశువు ఈ వృద్ధుడేనా? అని యడిగెను. తండ్రికొడుకులకు ఒకే పేరుండుట కద్దు. చిన్ననాడే మరణించిన అన్న పేరును తమ్మునకు పెట్టుటయు కద్దు. అన్న జన్మదినమును తమ్మునికి అంటగట్టిన ఆయుర్దాయము ఊరకే పెరిగిపోవును. ఈ పరీక్షల ఫలితమును 1873లో నొక గ్రంథముగా ప్రకటించెను. మానవుని దీర్ఘాయువునుగూర్చి సాక్ష్యములు తూచి చూచిన తొలిరచనలలో నది యొకటి. వింతను ప్రేమించుట వేరు, గ్రుడ్డిగా నమ్ముట వేరు. ప్రేమించువాడే పరీక్షింపవలయును.

ఇదే పద్ధతి మరియొక మహాకార్యమునకు పునాది యైనది. 1857లో లండనులోని భాషాశాస్త్ర సంఘమువారు ఆంగ్లమునకు సమగ్రమైన నిఘంటువు కావలెనని తలచిరి. ప్రతి మాటకును అది మొదట ఎప్పుడు కానవచ్చినది, కాలక్రమమున దాని యర్థ మెట్లు మారినది చూపవలెననుట వారి సంకల్పము. ఇంత పని పదిమంది పండితులవలన నయ్యెడిది కాదు. 1879లో సంపాదకత్వము వహించిన జేమ్స్ మరే ఇంగ్లీషు చదువగల ప్రజలందరికిని విజ్ఞప్తి చేసెను: మీరు చదువు పుస్తకములో ఏదైన మాట మీకు వింతగా తోచినచో, ఆ వాక్యమును ఒక చిన్న చీటిపై ఎత్తివ్రాసి, గ్రంథము పేరు, సంవత్సరము, పుటసంఖ్య చేర్చి పంపుడు. చీటీలు వచ్చినవి. మొత్తముమీద సుమారు 50 లక్షలు వచ్చినవని అంచనా. 1884లో మొదటి భాగము వెలువడినది. మరే 1915లో కన్నుమూసెను. 1928లో గాని గ్రంథము పూర్తికాలేదు.

ఆ చీటీలు పంపినవారిలో విలియం మైనర్ అను నమెరికను సైనికవైద్యు డొకడు. మతి చలించి, 1872లో లండను వీథిలో నొక నిరపరాధిని కాల్చి చంపి, బ్రాడ్‌మూర్ చికిత్సాలయమున నిర్బంధింపబడినవాడు. ఆ గదిలో కూర్చుండియే వేలకొలది చీటీలు వ్రాసి పంపెను. లోకముతో సంబంధము తెగిపోయినవానికి సైతము లోకమునకు పనికివచ్చు దారి యొకటి మిగిలియుండెను.

ఒక చీటి పోయిన నేమగును? ‘బాండ్‌మెయిడ్’ అను నొక మాట కలదు. దాసి యని యర్థము. దానికి సంబంధించిన చీటీలు ఎచ్చటనో తప్పిపోయినవి. ఫలితముగ ఆ మాట మహానిఘంటువు తొలి కూర్పులో నెక్కనేలేదు. 1933 నాటి అనుబంధములో గాని దానికి చోటు దొరకలేదు. అంతటి మహాగ్రంథమునందును ఒక మాట బ్రతుకు ఒక కాగితపు ముక్కపై నాధారపడియుండెను!

మన దేశమునకు వత్తము. 1883లో రిచర్డ్ టెంపుల్ ‘పంజాబ్ నోట్స్ అండ్ క్వెరీస్’ అను పత్రికను, 1891లో విలియం క్రూక్ ‘నార్త్ ఇండియన్ నోట్స్ అండ్ క్వెరీస్’ అను పత్రికను నడపిరి. ఉత్తరాపథమునందలి కథలు, ఆచారములు, నమ్మకములు అందు వెలువడినవి. క్రూక్ దొరగారి వెనుక పండిత రామ్ గరీబ్ చౌబే యను భారతీయుడు కలడు. కథలు సేకరించినది, వ్రాసినది, అనువదించినది అనేకసందర్భములలో నాతడే. కాని చిరకాలము కీర్తి దొరగారిది. చౌబే వ్రాతప్రతులు లండనులోని జానపదవిజ్ఞాన సంఘమువారి భాండారమున పడియుండి, ఇటీవలి పరిశోధకుల కృషివలన వెలుగునకు వచ్చినవి. వింతను పంచుకొనునపుడు దానిని తెచ్చియిచ్చినవాని పేరు చెప్పుట మర్యాద మాత్రమే కాదు. పేరు లేనియెడల, ఆ విషయ మెవరి నోటినుండి, ఏ యూరినుండి వచ్చినదో తెలియక దాని విలువయు సగము తరిగిపోవును.

తెలుగునాటి కథ ఇంకను ప్రాచీనమైనది. కర్నల్ కాలిన్ మెకంజీ 1783లో చెన్నపట్టణము చేరెను. 1815లో భారతదేశమునకు మొట్టమొదటి సర్వేయరు జనరలయ్యెను. ఆతడు ఊరూర తిరిగి శాసనములు, నాణెములు, వ్రాతప్రతులు చేర్చుటకు కన్నులును నాలుకయు నైనవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. అన్న బొర్రయ్య 1803లో చిన్నవయసుననే మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ కార్యభారమును మోసెను. వారును వారి సహచరులును గ్రామములకు బోయి కరణములను, పెద్దలను విచారించి వ్రాసి తెచ్చిన వృత్తాంతములే నేడు మనము కైఫీయత్తులని చెప్పుకొనునవి. ఏ యూరికి ఏ పేరు వచ్చినది, ఏ చెరువు నెవరు త్రవ్వించిరి, ఏ గుడికి ఏ మాన్యము కలదు — ఇవన్నియు నాటివారికి చిన్నవిషయములు. నేటి చరిత్రకారునకు అవియే మూలధనము.

అమరావతి సంగతి చూడుడు. 1797లో మెకంజీ అచ్చటికి పోవునప్పటికే రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి క్రొత్త పట్టణ నిర్మాణమునకై దిబ్బను త్రవ్వి రాళ్లు తీయుచుండిరి. 1816లో ఆతడు మరల చిత్రకారులతో వచ్చి అచ్చటి శిల్పములను పటములుగా వ్రాయించెను. ఆ సున్నపురాతి పలకలలో కొన్ని మెట్లకు, గోడలకు పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలి సున్నమైనవి. మిగిలినవి ముఖ్యముగా చెన్నై, లండను నగరముల ప్రదర్శనశాలలలో నున్నవి. పోయినవానిలో కొన్నింటి రూపమును మన మీనాడు చూచుచున్నామన్న, అది ఆ పటముల చలువయే. రాయి కాలిపోయినది, కాగితము మిగిలినది.

రాళ్లకు పట్టిన గతియే మాటలకును పట్టవచ్చును. ఈ యెఱుకతోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమును తలపెట్టినది. 1962లో వ్యవసాయ పదముల సంపుటము, 1971లో చేనేత పదముల సంపుటము వెలువడినవి. పండితుని బల్లయొద్ద కాక, రైతుల యొద్దను నేతవారి యొద్దను అడిగి సేకరించిన మాట లవి. మేడి, కర్రు, కాడి అను మాటలు నాడు ప్రతి పల్లెలో ప్రతి పిల్లవాని నోట నుండెడివి. నేడు ట్రాక్టరు దున్నుచున్నది. నాగలి చావడిలో మూలబడినది. నాగలితోబాటు మాటయు మూలబడుట సహజము. వ్రాసి పెట్టినందువలన అది మనకు దక్కినది.

ఇప్పుడు పంచుకొను సాధనములకు కొదవ లేదు. చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రము తీసి క్షణములో దేశాంతరమునకు పంపవచ్చును. థామ్స్ పత్రికకు వారము పట్టిన పని మనకు నిమిషము పట్టదు. అయినను చిక్కు కలదు. ఒక శాసనపు చిత్రము వేయిమందికి చేరునప్పటికి అది ఏ యూరిదో చెప్పు మాట రాలిపోవుచున్నది. ఒక పాట వినబడును. పాడిన దెవరో తెలియదు. ఒక వింత వార్త వచ్చును. మొదట చెప్పిన దెవరో తెలియదు. వేగము పెరిగినది, చిరునామా పోయినది. చిరునామా లేని వింత తల్లిదండ్రులు తప్పిపోయిన బిడ్డవంటిది. అందరును ముద్దాడుదురు, ఇల్లు చేర్చువారుండరు.

కావున నాటివారి అనుభవమునుండి మనము నేర్వదగినవి నాలుగు కలవు. ఒకటి: దొరికిన చోటు, దొరికిన దినము విషయముతోబాటే వ్రాయవలెను. రెండు: చెప్పినవారి పేరు, వారి యనుమతితో, చేర్చవలెను. మూడు: మనకు తెలిసినది, మనము ఊహించినది వేరువేరుగా చెప్పవలెను. నాలుగు: దిద్దువారికి చోటుంచవలెను; దిద్దినపుడు అలుగరాదు. ఈ నాలుగింటికి పాండిత్యము అక్కరలేదు. ఒక కలము, ఒక నోటుపుస్తకము, కొంచె మోపిక చాలును.

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఒక వాక్యము తరచుగ కానవచ్చును: ‘ఇది చాల చిన్నవిషయము, మీకు పనికివచ్చునో రాదో’ యని. అట్టి ఉత్తరములనే మేము మరింత శ్రద్ధతో చదువుదుము. పెద్దవిషయములను వ్రాయువారు పలువురు కలరు. మీ యూరి చెరువుకు ఆ పేరెందుకు వచ్చినదో, మీ అవ్వ పలుకు ఆ మాటకు అర్థమేమో తెలిసినవారు మాత్రము మీ యింటిలోనే యున్నారు. ఇంటిలోని పెద్దలను నేడే అడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లే వ్రాయుడు. వ్రాసినదానిని నలుగురకు చూపుడు.