షెల్లు నిర్దేశగ్రంథములలో జనక ప్రక్రియ సంఖ్య

గణకయంత్రమునకు ఆజ్ఞల నందించు షెల్లునకు 'పీపీఐడీ' యను చలరాశి యొకటి కలదు. అది షెల్లు యొక్క జనక ప్రక్రియ సంఖ్య యనియు, మార్ప వీలులేని దనియు బాష్ షెల్లు నిర్దేశగ్రంథము చెప్పి యూరకుండును. ఏ షెల్లు? ఏనాటి జనకము? ఈ రెండు ప్రశ్నలకును అందు సమాధానము లేదు. విద్యార్థులు పొరబడుట ఇచ్చటనే కావున, ఈ చిన్న నిర్వచనమును భాషాదృష్టితో పరిశీలింప మేము పూనుకొంటిమి.

యూనిక్స్ కుటుంబపు వ్యవస్థలలో ఒక ప్రక్రియ మరియొక ప్రక్రియను పుట్టించును. పుట్టించినది జనకము. ప్రతి ప్రక్రియకును స్వీయసంఖ్య యొకటి, జనకసంఖ్య యొకటి యుండును. షెల్లు తన స్వీయసంఖ్యను రెండు డాలరు గుర్తులతోను, జనకసంఖ్యను పీపీఐడీతోను తెలుపును.

కుండలీకరణములలో వ్రాసిన ఆజ్ఞలను బాష్ ఉపషెల్లున నడపును. టెర్మినల్ సంఖ్య 1200, షెల్లు సంఖ్య 1250, ఉపషెల్లు సంఖ్య 1300 అనుకొందము. ఉపషెల్లునకు నిజమైన జనకము 1250. అయినను అందు పీపీఐడీ నడిగినచో 1200 అనియే వచ్చును; రెండు డాలరు గుర్తులకు 1250 వచ్చును. ఇది దోషము కాదు, పోసిక్స్ ప్రమాణము విధించిన నియమమే. ఉపషెల్లు నిజసంఖ్య యగు 1300ను తెలిసికొనుటకై 2009లో వెలువడిన బాష్ 4.0 'బాష్‌పీఐడీ' యను చలరాశిని చేర్చినది.

ఆంగ్లమున 'తన' యనుటకును 'దాని' యనుటకును సర్వనామ మొక్కటే. తెలుగున ఈ చిక్కు లేదు. "షెల్లు ఆరంభమున తన జనకము సంఖ్యను పీపీఐడీలో వ్రాసికొనును, ఉపషెల్లు ఆ వ్రాతనే చదువును" అన్నచో సందేహమునకు తావుండదు. 'వ్రాసికొనును' అనుటలోని 'కొను' ధాతువే సగము పని చేసినది. 'ఆరంభమున' అను మాట పోసిక్స్ ప్రమాణమున కలదు. బాష్ గ్రంథము దానిని విడిచినది. విడువరాని మాట యని మా యభిప్రాయము.

ఏల యనగా జనకము మారవచ్చును. పుత్తూరు చిత్తూరు జిల్లాలో నుండెడిది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. అంతకుముందటి దస్తావేజులలో నేటికిని చిత్తూరు జిల్లా యనియే యుండును. అవి అబద్ధములు కావు, వ్రాసిననాటి సంగతిని చెప్పుచున్నవి. పీపీఐడీయు అట్టిదే. జనకము ముందుగా ముగిసినచో, అనాథయైన ప్రక్రియను సాధారణముగా 1వ సంఖ్య గల ప్రక్రియ చేకొనును. లినక్స్‌లో అందుకై నియుక్తమైన వేరొక ప్రక్రియయు చేకొనవచ్చును. కెర్నెల్ నడిగెడి 'గెట్‌పీపీఐడీ' పిలుపు ఈ క్రొత్త జనకమును తెలుపును. పీపీఐడీ మాత్రము పాతసంఖ్యనే పట్టుకొని యుండును.

ఇది వట్టి శబ్దచర్చ కాదు. ముగిసిన ప్రక్రియ సంఖ్యను వ్యవస్థ కొంతకాలమునకు వేరొకదాని కిచ్చును. జనకమును ఆపుటకై పీపీఐడీని నమ్మి 'కిల్' ఆజ్ఞ నిచ్చిన స్క్రిప్టు, అదే వాడుకరి నడపుచున్న సంబంధములేని పనిని చంపవచ్చును. సగము వ్రాసిన దత్తాంశము అంతటితో పాడగును. కావున అట్టిచోట 'పీఎస్' ఆజ్ఞతో నేటి జనకమును అడిగి, మొదట వ్రాసికొన్న సంఖ్యతో సరిపోల్చవలెను. సరిపోలనిచో పాత జనకము ముగిసినట్లే, సంకేతమును పంపరాదు. సరిపోలినను, అడుగుటకును పంపుటకును నడుమ నొక క్షణము మిగులును, ఆ క్షణమున జనకము ముగియవచ్చును.