మూసారామ్ సమాధి

పిల్లలూ! మా జక్రాన్‌పల్లి బడిపిల్లలు హైదరాబాదు వెళితే చార్మినారు, గోలకొండ చూసి వస్తారు. ఆ నగరంలోనే మూసారాంబాగు దగ్గర, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఒక ఫ్రెంచివాని సమాధి ఉన్నది. అది కూడా చూడదగినదే. ఎందుకో చెబుతాను, వినండి.

ఆయన పేరు రేమండ్. 1755లో ఫ్రాన్సు దేశంలో పుట్టాడు. వయసులో ఉండగానే మన దేశం వచ్చి, నిజాం అలీఖాన్ కొలువులో చేరి సేనాని అయ్యాడు. సిపాయిలకు కవాతు నేర్పి, సుమారు 14 వేలమందితో సైన్యం తయారుచేశాడు.

అంత సైన్యానికి ఫిరంగులు కావద్దా? వాటిని ఆయన హైదరాబాదులోనే పోయించాడు. 1786లో ఫతేమైదాను దగ్గర వెలిసిన ఆ కార్ఖానాను జనం “తోప్ కా సాంచా” అన్నారు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. బెల్లపు పాకాన్ని అచ్చులో పోయడం మీరు చూసే ఉంటారు. కంచు ఫిరంగి పోయడమూ అటువంటిదే. రాగి, తగరం కలిపి కరిగించి మట్టి అచ్చులో పోస్తారు. చల్లారిన తరువాత మట్టిని పగులగొడితే ఫిరంగి బయటపడుతుంది. ఆ చోటుకు నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేరు.

ఫ్రెంచివారు “అయ్యగారు” అనడానికి “ముస్యూ” అంటారు. ముస్యూ రేమండ్ అన్న మాట మనవాళ్ళ నోట మారిపోయింది. హిందువులకు ఆయన మూసారామ్, ముస్లిములకు మూసా రహీమ్! ఇష్టమైన మనిషిని ఎవరికి వారు తమవాణ్ణి చేసుకున్నారు.

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువారు ఆయన సైన్యం చేత ఆయుధాలు దింపించి, దాన్ని రద్దు చేయించారు. సైన్యం పోయినా జనం ఆయనను మరువలేదు. చాలాకాలం వరకు ఆయన పోయిన రోజున సమాధి వద్ద దీపాలు, అగరువత్తులు వెలిగించేవారు.

సమాధి మీద నిలువెత్తు నల్లరాతి స్తంభం, పక్కనే స్తంభాల మంటపం ఉండేవి. 2001 అక్టోబరు వానలకు ఆ మంటపం కూలిపోయింది. పాత కట్టడంలో పగుళ్ళు పూడ్చకపోతే నీరు లోపలికి దిగి, రాళ్ళను పట్టి ఉంచే సున్నం వదులైపోతుంది. రెండువందల ఏళ్ళలో ఏ శత్రువూ పడగొట్టని కట్టడాన్ని వాన పడగొట్టింది! 2003లో ప్రభుత్వం పాత పోలికలోనే దానిని తిరిగి కట్టించింది.

ఆ నల్లరాతి మీద “జె. ఆర్.” అని రెండే అక్షరాలు చెక్కి ఉంటాయి. అవే ఆయన పేరుకు గుర్తు. మీరు వెళ్ళినప్పుడు వాటిని చదవండి. వాటి పక్కన మీ పేరు మాత్రం గీకకండి.