టర్కీ పెట్టకే వదిలేద్దాం

కృష్ణా డెల్టాలో పెరడున్న ఇళ్లలో అక్కడక్కడా టర్కీ కోళ్లు కనిపిస్తాయి. పుంజు తోక విప్పితే అందరూ ఫొటోలు తీసుకుంటారు. పెట్టను పట్టించుకునేవాళ్లు తక్కువ. అది పెట్టిన గుడ్లు యంత్రంలోకో, నాటుకోడి కిందికో వెళ్లిపోతుంటాయి. తన గుడ్లు తాను పొదిగి పిల్లల్ని పెంచుకునే నేర్పు ఆ పెట్టకు పుట్టుకతోనే ఉంది.

సంక్రాంతి దాటి పొద్దు పెరిగేకొద్దీ అది గుడ్లకొస్తుంది. గడ్డివామి చాటున చోటు చూసుకుని, పది పన్నెండు గుడ్లు కాగానే కూర్చుంటుంది. నాటుకోడికి 21 రోజులు చాలు, దీనికి 28 పడుతుంది. పొదుగులో ఉన్నన్నాళ్లూ గుడ్లు పెట్టదు కనుక పెద్ద ఫారాలవాళ్లు తరతరాలుగా ఆ గుణం తగ్గిన పక్షుల్నే ఎంచుకుంటూ వచ్చారు. వెడల్పు రొమ్ము తెల్ల టర్కీకైతే కృత్రిమ గర్భధారణ కావాల్సిందే. పెరట్లో పొదుగుకు తేలికపాటి పెట్టలే మేలు.

బెజవాడ ఎండతో జాగ్రత్త. ఏప్రిల్‌కల్లా 40 డిగ్రీలకు చేరే చోట, తల్లి కూర్చోకముందే గూట్లోని గుడ్డులో పిండం పెరగడం మొదలవుతుంది. అప్పుడు పిల్లలు ముందూ వెనకా లేస్తాయి. ముందు లేచినవాటితో తల్లి వెళ్లిపోతే మిగతా గుడ్లు పాడవుతాయి. అందుకే ఏ రోజు గుడ్డు ఆ రోజు తీసి చల్లటి చోట దాచాలి. బదులుగా ఒకటి రెండు ఉత్తుత్తి గుడ్లు ఉంచి, పెట్ట గట్టిగా కూర్చున్నాక మంచివన్నీ ఒకే సాయంత్రం కింద పెట్టాలి. వారం దాటినవి వద్దు.

తల్లి విలువ పిల్లలు లేచాక తెలుస్తుంది. ఎదురుగా మేత ఉన్నా తినడం తెలియక ఎన్నో టర్కీ పిల్లలు మొదటి రోజుల్లోనే చచ్చిపోతాయి. యంత్రం పిల్లలకు 15 రోజులపాటు లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పాలు కలిపి, పది పిల్లలకొక ఉడికించిన గుడ్డు చొప్పున పట్టించమని పశువైద్యులు చెబుతారు. తల్లి ఉంటే నేల మీద ముక్కుతో పొడిచి, పిలిచి, ఏది మేతో చూపిస్తుంది. బ్రూడర్ బల్బు వెచ్చదనం మాత్రమే ఇవ్వగలదు.

ఈ బంధమంతా గొంతు మీద నడుస్తుంది. వినికిడి పోయిన టర్కీ పెట్టల మీద వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ బృందం 1960లో ఒక పరిశోధన ప్రచురించింది. గుడ్లు శ్రద్ధగా పొదిగిన ఆ పెట్టలే, పిల్లల కిచకిచ వినపడక వాటిని పొడిచి చంపాయి. చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. పెంకు పగిలే రోజుల్లో గూటి దగ్గర అలజడి చేయకండి, పెట్టను లేపి చూడకండి. ఆ తల్లీపిల్లలు ఒకరి గొంతు ఒకరు వినాలి.

నాటుకోళ్లు తిరిగిన నేల మీదికి మాత్రం ఈ పిల్లల్ని వదలొద్దు. కోడి పేగుల్లోని సన్నపురుగు గుడ్ల ద్వారా హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి మట్టిలో చేరుతుంది. కోడి తట్టుకుంటుంది, టర్కీకి కాలేయం పుండ్లుపడి ప్రాణం పోతుంది. అసీల్ పెట్ట ఎంత మంచి తల్లైనా టర్కీ గుడ్లు దాని కింద పెట్టవద్దనేది ఇందుకే. మొదటి నెల పొడి ఊక పరిచిన చోట, మంచుకూ వానకూ తడవకుండా ఉంచాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునిగిపోవు.

గుడ్ల రాబడి తగ్గుతుందని బెంగ ఉంటే, రెండు పెట్టల్లో ఒకదాన్ని పొదుగుకు వదిలి రెండోదాని గుడ్లు అమ్ముకోవచ్చు.